ఒక ఇల్లు, ఒక్క ఇల్లు

జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారొకరు. ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు హైదరాబాదులో ప్రాక్టీసు చేస్తున్న లాయరొకరు. ఇంగ్లీషులో ఎంత, ఎన్ని, ఎందరు అని చెప్పే పొట్టి మాటల దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ పడదు. వాటికో పద్ధతి ఉంది, అది వంటబడితే చాలంటారు ఆయన. పద్ధతిని నమ్ముకుంటే కొంప మునుగుతుంది, అంకె వేసుకోవాల్సిందే అంటుంది ఆమె. వాళ్ల వాదన ఇది. నోరు మూసుకుని వినలేకపోయిన చోట్ల బ్రాకెట్లలో నేనూ దూరాను.

మాస్టారు: ఇందులో అంత గందరగోళం ఏముందమ్మా? 'ఫ్యూ' అంటే దాదాపు ఎవరూ లేరని. 'ఎ ఫ్యూ' అంటే కొందరైనా ఉన్నారని. 'ది ఫ్యూ' అంటే ఉన్నదే కొద్దిమంది, ఆ ఉన్నవాళ్లంతా అని. 'లిటిల్', 'ఎ లిటిల్', 'ది లిటిల్' కూడా ఇదే వరస. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం 1930ల నుంచి ఈ మాటే చెబుతోంది. తాత, తండ్రి, మనవడు అందరూ అందులోనే బట్టీపట్టారు. తనకు 'ఫ్యూ ఫ్రెండ్స్' అని రాసుకున్నవాడు ఒంటరివాడు. ముందు 'ఎ' పెట్టుకున్నవాడికి సాయంత్రం కబుర్లకు మనుషులున్నారు. ఒక్క అక్షరంతో పోయే తేడా!

లాయరు: ఆ బట్టీపట్టినవాళ్లలో నేనూ ఉన్నాను మాస్టారూ. ఖాళీలు పూరించడానికి బాగానే పనికొచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఆ ఒంటరివాడికి స్నేహితులు ఎందరు?

మాస్టారు: ముగ్గురనుకో.

లాయరు: ఈ కబుర్లవాడికి?

మాస్టారు: వీడికీ ముగ్గురే కావచ్చు.

లాయరు: మరి అంకె మారకుండా మాట ఎందుకు మారింది? ఆ మాట చెప్పేది లెక్క కాదు కాబట్టి. చెప్పేవాడు పదిమందిని ఆశించి డీలాపడ్డాడా, ఒక్కరినీ ఆశించక సంతోషపడ్డాడా, అది చెబుతుంది. నా కాగితం మీద నాకు ఆ సంతోషాలూ దిగుళ్లూ అక్కర్లేదు. ముగ్గురు అని రాస్తే సరిపోతుంది.

మాస్టారు: నువ్వు లోపమన్నదే దాని పని. మూడుకు ఆశ లేదు, నిరాశ లేదు. సభకు ముగ్గురొచ్చారంటే నాకేం తెలిసింది? ముగ్గురే వస్తారనుకున్న సభా, మూడొందల కుర్చీలు వేయించిన సభా? మన భాషలోనూ అంతే కదా. "కొద్దిమంది వచ్చారు" అంటే ఊరుకుంటాం. "కొద్దిమందే వచ్చారు" అంటే అయ్యో అంటాం. తెలుగువాడు చివర 'ఏ' చేర్చి పెదవి విరుస్తాడు. ఇంగ్లీషువాడు ముందున్న 'ఎ' తీసేసి విరుస్తాడు. మన పిల్లలు బోల్తాపడేది ఇక్కడే. ఏదైనా చేరిస్తే అర్థం మారుతుందని వాళ్లకు తెలుసు, తీసేసినా మారుతుందని తోచదు. 'ఎ' ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని వదిలేస్తారు. 'క్వైట్ ఎ ఫ్యూ' కనబడితే "మరీ కొద్దిమంది" అని తెలుగులోకి దించేస్తారు. దాని అర్థం "చాలామందే" అని.

లాయరు: అంటే 'క్వైట్' తగిలేసరికి కొద్ది కాస్తా చాలా అయిపోయింది. మీ మూడు వరసల పట్టికలో అది ఎక్కడుంది? 'ది ఫ్యూ' సంగతీ చూడండి. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలను ఎదుర్కొన్న వైమానికులకు ఆ పేరే నిలిచిపోయింది. వాళ్లు సుమారు 3,000 మంది. అపార్టుమెంటు మీటింగుకు ముగ్గురొచ్చినా 'ఫ్యూ', అక్కడ మూడు వేలమందీ 'ఫ్యూ'.

మాస్టారు: దేశం మొత్తాన్ని కాచినవాళ్లు మూడు వేలమందే అంటే కొద్దిమంది కారూ? కొలబద్ద మాటలో ఉండదు, ఎదురుగా ఉన్న పనిలో ఉంటుంది. ఈపాటి ఇంగితం చదివేవాడికి ఉంటుంది.

లాయరు: ఆ ఇంగితం అందరికీ ఒకేలా ఉంటే నాకు క్లయింట్లే ఉండరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 54వ సెక్షను తీసుకోండి. చాలాకాలంగా ఉన్న ఇల్లు అమ్మి లాభం పొందినవాడు, ఆ డబ్బుతో మళ్లీ నివాసగృహం కొన్నా కట్టుకున్నా, ఆ మేరకు పన్ను ఉండదు. అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలోపు గానీ కొనాలి, కట్టుకుంటే మూడేళ్లలోపు. గడువులన్నీ అంకెల్లో ఉన్నాయి కాబట్టి వాటితో పేచీ లేదు. ఇంటి దగ్గర మాత్రం 'ఎ రెసిడెన్షియల్ హౌస్' అని రాశారు. అంటే ఎన్ని ఇళ్లు?

మాస్టారు: ఇంకెన్ని, ఒకటి.

లాయరు: పన్ను అధికారులూ అదే అన్నారు. కానీ పాత ఇంటి స్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చి, బదులుగా నాలుగైదు ఫ్లాట్లు తీసుకున్నవాళ్ల సంగతేమిటి? అన్నదమ్ముల కోసం పక్కపక్కన రెండు ఫ్లాట్లు కొన్నవాళ్ల సంగతేమిటి? కర్ణాటక హైకోర్టు ఒక కేసులో, ఇక్కడి 'ఎ'ని ఏకవచనమని పట్టుకుని వేలాడక్కర్లేదంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను ఉండనే ఉంది: సందర్భం అడ్డుపడకపోతే ఏకవచనంలో బహువచనం కూడా కలిసి ఉంటుందని. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా రెండు ఫ్లాట్లు కొన్న ఒకాయనకు అదే దారిలో మినహాయింపు ఇచ్చింది. మీరు ఒకటి అన్న 'ఎ' రెండయింది, కొందరికి ఇంకా ఎక్కువే అయింది. చివరికి 2014లో ఫైనాన్స్ చట్టంతో ఆ 'ఎ'ని కొట్టేసి 'వన్' అని రాయాల్సివచ్చింది. 'ఇండియాలో ఉన్న ఒక్క ఇల్లు' అని. ఇంత పెద్ద దేశపు పార్లమెంటు కూచుని 'ఎ' బదులు 'వన్' పెట్టింది మాస్టారూ!

(తెలుగులో ఈ సవరణకు ఒత్తు చాలు. ఒక ఇల్లు, ఒక్క ఇల్లు. ఈ ఒత్తు పడనందుకు ఎన్ని ఇళ్ల పన్ను తగ్గిందో ఊహించుకుంటే నాకు నవ్వొచ్చింది. 2019లో మళ్లీ సడలించారు. లాభం రెండు కోట్లు దాటకపోతే, జీవితంలో ఒక్కసారి, రెండిళ్లకు వర్తింపజేసుకోవచ్చు. అక్కడ మాత్రం 'రెండు' అని శుభ్రంగా అంకె చెప్పారు. దెబ్బ తిన్నాక వచ్చిన జాగ్రత్త అది.)

మాస్టారు: ఆ తప్పు 'ఎ'ది కాదు. 'ఎ' ఏనాడూ "ఒక్కటే" అని మాటివ్వలేదు. నువ్వు పెన్ను అడిగితే "నా దగ్గర ఒక పెన్నుంది" అంటాను. జేబులో ఇంకొకటి ఉన్నంత మాత్రాన అబద్ధమాడినట్టా? కాదు. కానీ వినేవాడు ఒకటే ఉందనుకుంటాడు. రెండుంటే రెండని చెప్పేవాడిని గదా అని. గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డులో ఇచ్చిన ఉపన్యాసాల్లో పట్టుకున్నది దీన్నే. మాట చెప్పేది కొంత, మాట వాడిన తీరును బట్టి మనం ఊహించుకునేది కొంత. 'సమ్' కూడా అంతే. పరీక్షల ఫలితాలొచ్చాక తండ్రి ఫోను చేస్తాడు. "సమ్ స్టూడెంట్స్ పాసయ్యారు" అంటే ఆయన గుండె జారుతుంది, మిగతావాళ్లు పోయారు కాబోలని. తర్కశాస్త్రంలో మాత్రం 'సమ్' అంటే కనీసం ఒకరు, అందరూ అయినా అబద్ధం కాదు.

లాయరు: ఏ తండ్రి తర్కశాస్త్రం చదివి ఫోను చేస్తాడు?

మాస్టారు: తండ్రులు కాదు, చిన్నపిల్లలు చేస్తారు! ఇరా నోవెక్ అనే పరిశోధకుడు 2001లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. ఫ్రాన్సులో పిల్లలనూ పెద్దలనూ కూచోబెట్టి, "కొన్ని జిరాఫీలకు మెడ పొడుగు" లాంటి వాక్యాలు వినిపించి, ఒప్పుకుంటారా అని అడిగాడు. ఏడెనిమిదేళ్ల పిల్లల్లో అత్యధికులు ఒప్పుకున్నారు. పొడుగు మెడ జిరాఫీలు ఉన్నాయిగా, నిజమేగా అని. పెద్దవాళ్లలో సగానికి పైగా తలడ్డంగా ఊపారు. "కొన్నేమిటి, అన్నిటికీ పొడుగేగా" అని. మాటకు ఉన్న అర్థాన్ని పట్టుకున్నది పిల్లలు, పక్కనున్న అర్థాన్ని తవ్వుకున్నది పెద్దలు.

లాయరు: అయితే 54వ సెక్షను కేసులో పన్ను అధికారి పెద్దమనిషి, నా క్లయింటు చిన్నపిల్లాడు. జిరాఫీ విషయంలో ఇద్దరిదీ చెల్లుతుంది. పన్ను నోటీసు విషయంలో ఒక్కరిదే చెల్లాలి.

మాస్టారు: చిన్న మాట సరైన చోట పడితే ఎంత గట్టిదో కూడా చెప్పనీ. 2005 సమాచార హక్కు చట్టంలో ఆరో సెక్షను చూడు. దరఖాస్తుదారు ఏ కారణమూ చెప్పనక్కర్లేదు. 'ఎనీ రీజన్' అని ఉంది. వాక్యంలో 'కాదు' ఉన్నప్పుడు 'ఎనీ' పడితే తలుపు పూర్తిగా మూసుకుంటుంది. దాని బదులు 'సమ్ రీజన్స్' రాసి చూడు. కొన్ని కారణాలు చెప్పనక్కర్లేదు, అంటే మిగతావి చెప్పాలి కాబోలు అని ప్రతి ఆఫీసులోనూ గుమాస్తా ఒక పట్టిక తయారుచేస్తాడు. ఆ హక్కంతా ఆ మూడక్షరాల మాట మీద నిలబడింది. ఇక్కడ నీ అంకె ఏం చేస్తుంది? "సున్నా కారణాలు చెప్పాలి" అని రాస్తావా?

లాయరు: 'కాదు' పక్కన ఉన్నంతసేపే 'ఎనీ' బుద్ధిగా ఉంటుంది. దాన్ని విడిగా వదిలితే పట్టపగ్గాలు ఉండవు. 1987లో సుప్రీంకోర్టుకు ఒక అద్దె తగాదా వచ్చింది. 'ఎనీ' అంటే అన్నీ కావచ్చు, ప్రతి ఒక్కటీ కావచ్చు, కొన్ని కావచ్చు, ఒకటీ కావచ్చు, సందర్భాన్ని బట్టి చూసుకోవాలంది కోర్టు. ఇక మీ విద్యార్థుల గోడే తీసుకోండి. 2021 నుంచి 2024 దాకా నీట్‌లో ప్రతి సబ్జెక్టులోనూ రెండో భాగంలో 15 ప్రశ్నలు, అందులో 'ఎనీ టెన్' రాయాలి. పిల్లవాడు 12 గుర్తించాడనుకోండి. ఏ పది లెక్క? ఒప్పయిన పదా, మొదటి పదా?

మాస్టారు: మొదట రాసినవే లెక్క అని నిబంధన ఉండేది.

లాయరు: ఆ నిబంధన విడిగా రాయబట్టే తేలింది. 'ఎనీ'ని అడిగితే తేలేది కాదు. 2025 నుంచి ఆ ఎంపికే ఎత్తేసి, 180 ప్రశ్నలూ రాయాల్సిందే అన్నారు. దానితో పేచీ మొదలంటా పోయింది.

(ఇంగ్లీషులో నాకు భయం వేసే మాట వేరే ఉంది, 'మోస్ట్'. సగానికి మించితే గానీ ఆ మాట వాడకూడదు. మన వార్తల అనువాదాల్లో 'మెనీ' వచ్చినా 'మోస్ట్' వచ్చినా "చాలామంది" అని కానిచ్చేస్తాం. నూటికి 30 మంది చాలామందే కావచ్చు, 'మోస్ట్' మాత్రం కారు. సర్వే వార్తలు చదివేటప్పుడు ఈ ముక్క గుర్తుంటే సగం ఆవేశం తగ్గుతుంది. ఇది వాళ్లిద్దరి వాదనలో రాలేదు, నేను దూర్చాను.)

లాయరు: పోనీ ఇంకా పెద్ద కేసు చూద్దాం. 1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం. ఇజ్రాయెల్ చుట్టుపక్కల భూభాగాలు ఆక్రమించింది. నవంబరు 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానం చేసింది. ఆ పోరాటంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలి అని. ఇంగ్లీషు ప్రతిలో ఉత్త 'టెరిటరీస్' అని ఉంది. ముందు 'ఆల్' లేదు, 'ది' కూడా లేదు. అన్ని భూభాగాల నుంచీ అని చెప్పలేదు కాబట్టి కొన్నిటి నుంచి వెళితే చాలని ఇజ్రాయెల్ వైపు వాదన. యుద్ధంతో భూమి సంపాదించడం చెల్లదని తీర్మానం ముందుమాటలోనే ఉంది కాబట్టి అన్నీ వదలాల్సిందేనని అరబ్బుల వాదన. పైగా ఫ్రెంచి ప్రతిలో 'దె' అని ఉంది, దాన్ని 'ది' ఉన్నట్టే చదవొచ్చు. రాయని మాట ఒకటి ఇన్ని దశాబ్దాలుగా రెండు పక్షాల చేతుల్లోనూ ఆయుధమైంది. మీ పద్ధతి దీన్ని తేల్చగలదా?

మాస్టారు: తేల్చకూడదనే అలా రాశారమ్మా. ముసాయిదా పెట్టింది బ్రిటిష్ రాయబారి లార్డ్ కారడన్. ఆయనకు ఇంగ్లీషు రాకనా? 'ఆల్' అని ఉంటే ఒక పక్షం ఒప్పుకోదు, 'సమ్' అని ఉంటే రెండో పక్షం ఒప్పుకోదు. ఏదీ లేకపోబట్టే 15 మంది సభ్యులూ చెయ్యెత్తారు. నువ్వు చెప్పినట్టు ఎన్ని చదరపు మైళ్లో అంకె వేసి ఉంటే, ఆ కాగితం ఆ రోజు సభ దాటేది కాదు. అస్పష్టత కూడా ఒక్కోసారి కావాలనే పెట్టుకుంటారు.

లాయరు: ఒప్పుకుంటాను. చెయ్యెత్తినవాళ్లకు ఆ రోజుకు పని అయింది. ఆ భూముల్లో బతికేవాళ్లకు మాత్రం కాలేదు. సంతకం తేలిగ్గా పడాలని అస్పష్టంగా రాసిన ఒప్పందం ఎలా ఉంటుందో నాకు రోజూ కనబడుతుంది. రాసినవాళ్లు మంచి పేరుతో రిటైరవుతారు, వాళ్ల పిల్లలు కోర్టుల చుట్టూ తిరుగుతారు.

మాస్టారు ఇక్కడ కాసేపు మాట్లాడలేదు. ఈ ముక్కకు ఆయన దగ్గర జవాబు లేదని నాకనిపించింది. కానీ ఆయన పాత కాలపు మాస్టారు. జవాబు లేనప్పుడు ఎదుటివాళ్లనే ఒక ప్రశ్న వేస్తారు.

మాస్టారు: సరే, అంకెలే వేద్దాం. ఇంగ్లండులో సూపర్‌మార్కెట్ల దగ్గర తక్కువ సరుకులు కొన్నవాళ్లకు వేరే వరస ఉంటుంది, పైన 'టెన్ ఐటమ్స్ ఆర్ లెస్' అని బోర్డు. లెక్కపెట్టే వస్తువులకు 'లెస్' ఏమిటి, 'ఫ్యూయర్' అనాలి కదా అని వ్యాకరణప్రియులు గోల. ఆ గోల కొత్తదేం కాదు, రాబర్ట్ బేకర్ అనే ఆయన 1770లోనే మొదలుపెట్టాడు. ఈ రచ్చ ఎందుకని 2008లో టెస్కో కంపెనీ 'అప్ టు టెన్' అని మార్చింది. వెంటనే ఇంకో ప్రశ్న: సరిగ్గా పది ఉంటే ఈ వరసలో నిలబడొచ్చా? అంకె ఉండనే ఉంది. తేలిందా?

లాయరు: పదితో కలిపి అని రాస్తే తేలుతుంది. ముసాయిదాల్లో మేం అలాగే రాస్తాం.

మాస్టారు: కోర్టుకే వస్తాను. పల్లెటూరి సాక్షి బోనెక్కాడు. గట్టు దగ్గర ఎంతమంది ఉన్నారని అడిగావు. "ఓ పదిమంది ఉన్నారండి" అన్నాడు. వాడు తెలుగులో చెప్పింది టైపిస్టు ఇంగ్లీషులో ఎలా కొడతాడు?

లాయరు: 'టెన్ పర్సన్స్' అని.

మాస్టారు: ఆ 'ఓ' ఏమైంది?

లాయరు: పోయింది.

మాస్టారు: ఇంటి ముందు 'ఒక' పెడితే అది ఒకటి. పది ముందు అదే 'ఒక' పెడితే పది కాస్తా పదిలాంటిది అయిపోతుంది, ఎనిమిదీ కావచ్చు, పన్నెండూ కావచ్చు. మన భాషలో అంకెను మెత్తబరిచే మాట అది. "నలుగురైదుగురు", "పదీపదిహేను" కూడా అలాంటివే. వాడు కళ్లతో చూసిందే చెప్పాడు, తలలు లెక్కపెట్టుకోలేదు. నీ కాగితం మీద పది అనే గట్టి అంకె పడింది. తర్వాత క్రాసులో ఏం జరుగుతుంది?

లాయరు: చార్జిషీటులో 12 మంది ముద్దాయిలు ఉన్నారు, నువ్వు పదిమందినే చూశానన్నావు, అయితే నువ్వు అక్కడ లేనేలేవు కదా అంటాడు అవతలి లాయరు. నేనైనా అదే అంటాను.

మాస్టారు: అదీ సంగతి. నీ సాక్షిని దెబ్బతీసింది చిన్న మాట కాదు, నువ్వు నమ్ముకున్న అంకె.

లాయరు: అంకె కాదు మాస్టారూ, అంకె ముందు రాలిపోయిన 'ఓ'. దాన్ని పట్టుకోవడం నా పని, అబ్జెక్షన్ చెప్పాల్సింది నేను. అసలు ప్రమాదం ఇంతకంటే ఉంది. "ఒకరు రాలేదు", "ఒక్కరే రాలేదు", "ఒక్కరూ రాలేదు". మొదటిదాన్లో ఒకరు తప్పిపోయారు. రెండోదాన్లో ఆ ఒకరు తప్ప అంతా వచ్చారు. మూడోదాన్లో పురుగు కూడా లేదు. సాక్షి భయంతో గొంతు దించి చెబుతాడు, ఫ్యాను మోతలో ఆ చివరి దీర్ఘం ఎవరికీ వినబడదు. "అందరూ రాలేదు" అంటే కొందరొచ్చారనా, ఎవరూ రాలేదనా? వాడి గొంతును బట్టి హాల్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. 'ఆల్ డిడ్ నాట్ కమ్' అని టైపయ్యాక అప్పీల్లో చదివే జడ్జిగారికి ఆ గొంతు ఉండదు.

మాస్టారు: అక్కడ నువ్వైతే ఏం చేస్తావు?

లాయరు: వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాను. "ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు?"

మాస్టారు: వాడు మళ్లీ "ఓ నలుగురైదుగురు రాలేదండి" అంటాడు.

లాయరు: అప్పుడు 'అబౌట్ ఫోర్ ఆర్ ఫైవ్' అని రాయించమంటాను.

మాస్టారు: 'సమ్ ఫోర్ ఆర్ ఫైవ్' అనొచ్చు, అంకె ముందు 'సమ్' పడితే అచ్చంగా మన 'ఓ'యే.

లాయరు: అవతలి లాయరు దాన్ని 'కొందరు, నలుగురో ఐదుగురో' అని చదివి, సాక్షికి తన మాట మీదే నిలకడ లేదంటాడు. వద్దు. సాక్షి అన్న తెలుగు మాటను ఉన్నదున్నట్టు రాయించమని జడ్జిగారిని అడుగుతాను. అలా రాయించడం ఉన్నదే.

మాస్టారు: ఇంగ్లీషు అక్షరాల్లోనేగా? 'ఓ' కొట్టి పక్కన పది వేస్తే సున్నా, ఒకటి, సున్నా అనుకోడూ చదివేవాడు?

లాయరు: అందుకే తెలుగు అక్షరాల్లో రాయిస్తాను.

మాస్టారు: టైపిస్టు దగ్గర తెలుగు కీబోర్డు ఉందా?

లాయరు: పెన్ను ఉంది కదా మాస్టారూ. చేత్తో రాసి, పక్కన జడ్జిగారి పొట్టి సంతకం పెట్టిస్తాను.